ముట్టుకుంటే చెడిపోతుందన్న తెర

నన్ను శిక్షకురాలిగా ఎందుకు ఎంపిక చేశారో నాకు ఆలస్యంగా తెలిసింది. పాఠం బాగా చెబుతాననీ కాదు, యంత్రాల గురించి ఏదో తెలుసుననీ కాదు. మా మండలంలో మధ్యాహ్న భోజనం ఫొటోలు అందరికంటే ముందు ఫోన్లో ఎక్కించేది నేనేనట. పప్పు గిన్నె ఫొటో వేగంగా పంపే మనిషి, తరగతి గదిలో సాంకేతికత ఎలా వాడాలో కూడా నలుగురికి నేర్పగలదని పైవాళ్ళకు తోచింది. గార్లదిన్నె దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పుకుంటూ, ఏడాదికి ఒకసారి ప్రయోగశాల బీరువా దుమ్ము దులుపుకుంటూ బతుకుతున్న నేను, ఒక ఉత్తర్వుతో ‘రిసోర్స్ పర్సన్’ అయిపోయాను.

ముందు మాకు శిక్షణ. అనంతపురంలో మూడు రోజులు. అప్పుడే బళ్ళకు గోడకు బిగించే పెద్ద తెరలు వచ్చాయి. చేత్తో ముడితే పలుకుతాయి, వేలితో రాస్తే రాయించుకుంటాయి, బొమ్మలూ వీడియోలూ చూపిస్తాయి. వాటిని మాకు నేర్పడానికి పెద్ద నగరం నుంచి ఒకతన్ని పంపారు. ముప్పై ఏళ్ళుంటాయి. మెడలో గుర్తింపు కార్డు, చెంపకు అంటుకున్న మైకు. ఇతను జీవితంలో ఒక్క రోజు కూడా పిల్లల ముందు నిలబడి ఉండడని మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది, ఎందుకంటే అతను మావైపు చూడలేదు. తెరమీద వాక్యం వస్తే దాన్ని చదివాడు. ఇంకో వాక్యం వస్తే అదీ చదివాడు. మాకూ చదువు వచ్చునన్న సంగతి అతనికెవరూ చెప్పినట్టు లేదు. ఒక వరసలో లెక్కల సారు నిద్రపోయి గురక పెట్టాడు. ఆ మూడు రోజుల్లో ఆ హాల్లో వినపడిన నిజాయితీ గల అభిప్రాయం అదొక్కటే.

రెండో రోజు ఒక పల్లెటూరి హెడ్‌మాస్టరు లేచి అడిగాడు. “సార్, మా ఊర్లో పొద్దన పదింటికి పోయిన కరెంటు ఒగో దినం మూడింటికి గానీ రాదు. అంతసేపు దీన్ని పెట్టుకోని యేం జేయాల?”

“గుడ్ క్వశ్చన్ సార్. అలాంటప్పుడు మీరు టికెట్ రైజ్ చేయాలి.”

“యాడికి సార్ టికెట్టు?”

హాలంతా నవ్వింది. అతను నవ్వలేదు. ఫిర్యాదును టికెట్ అంటారని ఇంకో పది నిమిషాలు వివరించాడు. కరెంటు గురించి మాత్రం చెప్పలేదు.

మూడో రోజు సాయంత్రం బ్యానరు పట్టుకుని ఫొటో దిగాం. సర్టిఫికెట్లు ఇచ్చారు. నేను ‘విజయవంతంగా నైపుణ్యం సాధించిన’ట్టు అందులో రాసి ఉంది. మూడు రోజుల్లో మాలో ఒక్కరం కూడా ఆ తెరను వేలితో ముట్టుకోలేదు. పొలంలో కాలు పెట్టకుండా సేద్యం నేర్చిన రైతుల్లాగా మేమందరం బస్సులెక్కి ఊళ్ళకు పోయాం.

ఇప్పుడు నేను వేరే మండలాల్లో నేర్పాలి. నాకు రాయదుర్గం వైపు పడింది, అందులో మొదటిది గుమ్మఘట్ట. ఒక బడి హాల్లో చుట్టుపక్కల ఊళ్ళ ఉపాధ్యాయులందరినీ కూర్చోబెట్టారు. ఇప్పుడు చెప్పబోయే మాట రాయడానికి సిగ్గుగా ఉంది. నేను వాళ్ళకు అచ్చం ఆ మైకు మనిషిలాగే చెప్పాను. అతని స్లయిడ్లే పెట్టాను. అతని మాటలే అన్నాను. పద్దెనిమిదేళ్ళు పాఠం చెప్పినదాన్ని, విద్యార్థి చేత చేయించకుండా ఏదీ రాదని తెలిసినదాన్ని, తెర మీద రాసే ఆ నల్ల పెన్ను చేతిలో పట్టుకోగానే అదంతా మరిచిపోయాను. పైగా ఆ పెన్నును ములుగర్రలా ఆడిస్తూ, కునుకు తీస్తున్న వాళ్ళను పేరు పేరునా లేపాను కూడా.

మూడో వరస చివర ఒకామె కూర్చుని ఉంది. జుట్టు దాదాపు నెరిసిపోయింది. నేత చీర, మెడకు దారంతో వేలాడే కళ్ళజోడు. సోషల్ టీచరట. ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్ళుందట. ఇలాంటి వాళ్ళను ఏం చేస్తాంలే అని నేను లోపల అనుకున్న మాట కూడా ఇక్కడ ఒప్పుకుంటున్నాను. కళ్ళజోడు ముక్కుమీదికి లాక్కుని, ఆమె నెమ్మదిగా లేచి నిలబడింది.

“ఏమ్మా, రెండు గంటలాయ నువ్వు మాట్లాడబట్టి. మాలో ఒగరి చేతన్నా దాన్ని ముట్టిస్తివా?”

“చివర్లో ప్రాక్టికల్ సెషన్ ఉంది మేడమ్.”

“చివర్లో అంటే మా బస్సు పోయినాంకనా? ఈత నేర్పుతానని పిల్చుకోనొచ్చి గట్టున కుర్చోబెట్టి నీళ్ల గురించి ఉపన్యాసం చెప్తే ఎట్లమ్మా?”

అందరూ నవ్వారు. నిద్రపోతున్నవాళ్ళు లేచి, సంగతేమిటో పక్కవాళ్ళను అడిగి మరీ నవ్వారు. నేను ఎర్రబడిపోయి, మిగిలిన స్లయిడ్లు రెట్టింపు వేగంతో చదివి ముగించాను. ప్రాక్టికల్ సెషన్ జరగలేదు. నిజంగానే వాళ్ళ బస్సుల వేళ అయిపోయింది.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ దగ్గర కూర్చుని, ఆమెకు చెప్పి ఉండాల్సిన జవాబులు ఒకటొకటిగా అల్లుకున్నాను. ఒకదాని కంటే ఒకటి పదునుగా వచ్చాయి. కళ్యాణదుర్గం దాటేసరికి అన్నీ అయిపోయాయి. ఆ తర్వాత బయట చెనక్కాయ చేలు ఎండి పడి ఉండటం తప్ప చూడటానికి ఏమీ లేదు, ఆలోచించడానికి ఆమె ప్రశ్న తప్ప ఏమీ లేదు. నేను ఆ తెర ఎలా నేర్చుకున్నాను? శిక్షణలో కాదు. మా బడికి తెర వచ్చిన వారం, పిల్లలంతా ఇళ్ళకు పోయాక, గది తలుపు దగ్గరికి వేసుకుని, ఎవరైనా చూస్తారేమోనని భయపడుతూ, ఇష్టం వచ్చినట్టు నొక్కి నొక్కి నేర్చుకున్నాను. ఒకసారి భాష మొత్తం ఏదో తెలియని లిపిలోకి మారిపోతే గంటసేపు చెమటలు పట్టాయి. మరి నాకు దొరికిన ఆ తప్పు చేసే అవకాశాన్ని వాళ్ళకు ఇవ్వకుండా, నేను ఇచ్చిందేమిటి? నాకెవరో ఇచ్చిన చెత్తనే.

వారం తర్వాత ఆమె బడికి పోయాను. ఉత్తర్వులో అలా పొమ్మని ఎక్కడా లేదు. ‘క్షేత్ర సందర్శన’ అన్న గడి ఒకటి ఉంటే అందులో రాసుకున్నాను.

అది కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరంలోని ఊరు. బస్సు దిగగానే నా ఫోను కర్ణాటకకు స్వాగతం అని మెసేజి ఇచ్చింది. బడి మాత్రం ఇంకా ఆంధ్రలోనే ఉంది. హెడ్‌మాస్టరు మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. తెర ఎక్కడుందని అడిగితే మాత్రం ఆయన ముఖం మారింది. జేబులోంచి తాళం తీసి, వరండా చివరి గది తెరిచాడు. లోపల తెర నిండా ముసుగేసి ఉంది. ముసుగు మీద పసుపు బొట్లు, పైన ఎండిపోయిన బంతిపూల దండ. కింద కొబ్బరికాయ కొట్టిన మరక.

“ఎన్నిసార్లు వాడినారు సార్?” అని అడిగాను.

“వాడేదేంది మేడమ్, పూజ జేసినాము గదా. ముట్టుకుంటే చెడిపోతాది. చెడిపోయినాంక పైనోల్లకి ఎవురు జవాబు చెప్పాల? నేనే గదా?”

ఆ మాట అన్నది ఆయనొక్కడే అయితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. ఆ తర్వాతి నెలల్లో నేను చూసిన బళ్ళలో సగానికి సగం ఇదే జవాబు చెప్పాయి. పిల్లల కోసం వచ్చిన వస్తువును పిల్లల నుంచి కాపాడటమే తమ బాధ్యత అని మన బళ్ళల్లో చాలామంది నమ్మకం. గ్రంథాలయం పుస్తకాలు బీరువాలో, ఆటబంతులు సంచిలో, భూగోళం ప్లాస్టిక్ కవర్లో. తెర వచ్చి ఆ వరసలో చేరింది, అంతే. దానికి దండ వేశారు కాబట్టి గౌరవం కాస్త ఎక్కువ.

సోషల్ టీచరు వచ్చి నన్ను గుర్తుపట్టి, మొహమాటం లేకుండా నవ్వింది. “ఏమ్మా, గట్టు దిగొస్తివే!”

“దిగినాను మేడమ్. ఇప్పుడు మీరు దిగాల.”

హెడ్‌మాస్టరు చేత ముసుగు తీయించడానికి అరగంట పట్టింది. చెడిపోతే బాధ్యత నాదని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. తెర వెలిగింది. ఆమె వేలు చాచి, పొయ్యి మీది గిన్నె వేడిగా ఉందో లేదో చూసినట్టు, ఒక్క క్షణం అలా అంటించి తీసేసింది. అంతే, తెర మీద పిచ్చి గీతలు మొదలయ్యాయి. ఎవరూ ముట్టకుండానే గీతలు. దానంతటదే ఏదో తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది.

“చూస్తిరా! నేను చెప్పలా!” అన్నాడు హెడ్‌మాస్టరు. ఆయన గొంతులో భయం కంటే సంతోషమే ఎక్కువ. ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు జరిగింది. “నా చెయ్యే మంచిది కాదేమో” అంది మెల్లగా. అంత ధాటిగా మాట్లాడే మనిషి, ఒక యంత్రం ముందు అంత చిన్నదైపోవడం చూసి నాకు బాధేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

మైకు మనిషికి ఫోన్ చేశాను. విషయం పూర్తిగా వినకుండానే సాఫ్ట్‌వేర్ సమస్య అన్నాడు. అప్‌డేట్ చేయమన్నాడు, ఈ ఊళ్ళో నెట్ రాదంటే టికెట్ రైజ్ చేయమన్నాడు. టికెట్ కూడా నెట్‌లోనే రైజ్ చేయాలి కదా అంటే, “ఎగ్జాక్ట్లీ మేడమ్” అన్నాడు. ఆ మాటకు అర్థం ఈ రోజుకీ నాకు తెలియదు.

నేను ఫోనులో గొంతు చించుకుంటున్నంతసేపూ ఆమె తెరను చూస్తూ నిలబడింది. తర్వాత నన్నడిగింది. “ఏమ్మా, ముట్టింది దానికెట్ల తెలుస్తాది?”

తెర చుట్టూ ఉన్న చట్రం లోపలి అంచులో కంటికి కనపడని వెలుతురు ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతుంటుందనీ, వేలు దానికి అడ్డం వస్తే ముట్టినట్టు లెక్క అనీ చెప్పాను. భౌతికశాస్త్రం కదా, ఆ మాత్రం తెలుసు. తెలిసిన దాన్ని వాడుకునే బుద్ధి మాత్రం ఆ పూట నాకు లేదు.

“అట్లయితే దుమ్ము అడ్డమొచ్చినా ముట్టినట్టే గదా?” అంది. ఆ గది కిటికీకి ఒక రెక్క లేదు. ఆషాఢం గాలికి ఎర్రదుమ్ము నేల మీద పరుపులా ఉంది. ముసుగు తెర ముఖాన్ని కప్పింది గానీ, చట్రం అంచులో దుమ్ము పేరుకునే ఉంది. ఆమె కళ్ళజోడు తుడుచుకునే మెత్తటి గుడ్డ తీసి, నాలుగు అంచులూ నిదానంగా తుడిచింది. గుడ్డ ఎర్రబడింది. గీతలు ఆగిపోయాయి.

ఎక్కడో నగరంలో చల్లటి గదిలో కూర్చుని ఈ పరికరాలను అనంతపురం జిల్లాకు పంపినవాళ్ళకు, ఇక్కడ గాలి వీస్తుందనీ ఆ గాలిలో దుమ్ముంటుందనీ ఎవరు చెప్పాలి? మూడు రోజుల శిక్షణలో వందకు పైగా స్లయిడ్లు చూశాను. వాటిలో ఒక్క దాంట్లోనైనా ‘గుడ్డ’ అన్న మాట లేదు.

అప్పటి నుంచి ప్రతి బుధవారం ఆ బడికి పోయాను. ఆమె తొందరగా నేర్చుకుందని చెబితే అబద్ధం. చాలా నెమ్మదిగా నేర్చుకుంది. మూసేది ఏదో, వెనక్కి పోయేది ఏదో ప్రతివారం మరిచిపోయేది. ఒక రూళ్ళ పుస్తకంలో తన మాటల్లో రాసుకుంది. ‘ఇల్లు బొమ్మ ముట్టితే మొదటికొస్తాది. బాణం వెనక్కి. రబ్బరు ముట్టి అరచేత్తో తుడిస్తే అంతా పోతాది, జాగర్త.’ మా శాఖ వాళ్ళు రంగురంగుల్లో అచ్చేసి పంచిన కరదీపిక కంటే ఆ పుస్తకం మేలు. కనీసం అది ఎవరికోసం రాసిందో వాళ్ళకు అర్థమయింది.

ఆ బడిలో ఇద్దరు కుర్ర ఉపాధ్యాయులు ఉన్నారు. తమకు అన్నీ వచ్చునన్న ధీమాతో నా దగ్గరికి రాలేదు. ఆమె వేళ్ళు తడబడుతుంటే తలుపు దగ్గర నిలబడి నవ్వుకునేవాళ్ళు. వాళ్ళు తెరను వాడే పద్ధతి కూడా చూశాను. ఎక్కడో దింపుకొచ్చిన వీడియో పెట్టడం, కుర్చీలో కూర్చుని ఫోను చూసుకోవడం. వీడియోలో గొంతు పరాయి ఊరి ఇంగ్లిషులో గడగడా పోతుంటుంది. ఇంట్లో కన్నడం, బయట తెలుగు మాట్లాడే పిల్లలు నోళ్ళు తెరుచుకుని రంగులు చూస్తుంటారు. గంట కొడతారు. దాన్ని డిజిటల్ బోధన అంటారు.

“వాల్లకి నాకంటే బాగా వచ్చు కదమ్మా, నేనేంటికి ఈ వయసులో?” అని ఒక బుధవారం ఆమె విసుక్కుంది. అప్పుడే పాఠం మొత్తం చెరిపేసుకుంది పాపం, అరచేయి తగిలి.

“అక్కా, వాల్లకి మీట నొక్కడం వచ్చు. నీకు పాఠం చెప్పడం వచ్చు. మీట నొక్కేది నేను నేర్పుతా. పాఠం చెప్పేది వాల్లకి ఎవురు నేర్పుతారు?” అన్నాను. మేడమ్ అనడం ఎప్పుడు మానేసి అక్కా అనడం మొదలుపెట్టానో గమనించుకోలేదు.

ఆమె కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఆరో వారమో ఏడో వారమో, నేను పోయేసరికి తరగతి నడుస్తోంది. తలుపు దగ్గరే ఆగిపోయాను. పుస్తకంలో నదుల పాఠం. తెర మీద మాత్రం ఉపగ్రహం నుంచి తీసిన పటం. ఆమె సరిహద్దు అవతలి టవరు అందే కొత్త సిమ్ము వేయించుకుని, తన ఫోను నెట్‌ను తెరకు కలిపి, ఎవరి సాయమూ లేకుండా దాన్ని తెరిచింది. తన ఊరిని వెతికి పట్టింది. పైనుంచి చూస్తే మా నేల అంతా మాసిన గోనెపట్టాలా ఉంటుంది, అక్కడక్కడ బోరున్న చోట పచ్చటి చుక్క.

“ఇది యాడిది? ఎవురన్నా చెప్పండి.”

ఒక పాప లేచి వచ్చి పచ్చటి చుక్క మీద వేలు పెట్టింది. “మా మడి, టీచర్! మా నాయన బోరేసినాడు గదా, అదే.” ఇంకో పాప తోసుకుని వచ్చింది. “ఇదో, మా గొర్రెల దొడ్డి!” ఆ తర్వాత తరగతి తరగతంతా తెర దగ్గరే ఉంది. వాళ్ళ చేత వేదవతి ఏటిని పట్టించింది ఆమె. తెల్లటి ఇసుక చారను వేలితో పట్టుకుని పైకి పైకి పొమ్మంది. పిల్లలు వంతులవారీగా ఏటి వెంట నడిచారు. ఒకచోట పటం మీద సన్నటి గీత అడ్డం వచ్చింది.

“ఇదేం గీత టీచర్? మనూర్లో ఇట్లా గీత యాడుంది?”

“అది రాష్ట్రం హద్దు.”

“ఆ పక్కంతా మా అవ్వోల్ల ఊరు. ఆడ గీత గీసిందెవురు?” అని ఒక పిల్ల పోట్లాటకు దిగింది. ఏరు గీతను పట్టించుకోకుండా అటు నుంచి ఇటు వచ్చేసిందని ఇంకో పిల్ల కన్నడంలో అంది. ఆమె కన్నడంలోనే బదులు చెప్పి, మళ్ళీ తెలుగులోకి వచ్చి, నీళ్ళు పైన ఆపితే కింద ఏమవుతుందో వాళ్ళ చేతనే చెప్పించింది. గంట కొట్టినా ఎవరూ కదలలేదు. నేను చూసిన డిజిటల్ తరగతులన్నింటిలో ఆ పేరుకు తగింది ఇదొక్కటే అనిపించింది. మంచినీళ్ళ వంకతో వరండాలోకి పోయాను.

తనిఖీ ఆ నెలలోనే వచ్చింది. పై నుంచి ఒక అధికారి డిజిటల్ తరగతి చూడటానికి వస్తున్నాడంటే, హెడ్‌మాస్టరు కుర్ర ఉపాధ్యాయుణ్ణి వీడియో పెట్టమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. “నా పీరియడ్డు నేనే చెప్తా సార్” అంది. బుధవారం కావడంతో నేనూ అక్కడే ఉన్నాను.

ఆయన వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. పిల్లలు ఎప్పటిలాగే తెర దగ్గర గుమిగూడి వాదించుకుంటున్నారు. ఆయన పది నిమిషాలు చూశాడు. అంటే, ఆరు నిమిషాలు ఫోను, నాలుగు నిమిషాలు పిల్లలు.

“మేడమ్, ఈ పాఠానికి అప్రూవ్డ్ కంటెంట్ ఉంది కదా. అది ఎందుకు ప్లే చేయడం లేదు?”

“అందులో గంగానది ఉండాది సార్. మా పిల్లోల్లకి మా యేరు చూపిస్తాండా. రేపు గంగకి పోతాము.”

“క్రమశిక్షణ కూడా లేదు. అందరూ లేచి నిలబడ్డారు.”

“కుర్చోని ముట్టేదానికి చెయ్యి అందదు సార్.”

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన లేచి, హెడ్‌మాస్టరు గదిలో తన ట్యాబ్ తెరిచి ఒక పట్టిక చూపించాడు. ఏ బడిలో కంటెంట్, అంటే శాఖ పంపిన వీడియోలు, ఎన్ని నిమిషాలు ఆడిందో అందులో ఉంటుంది. మా పిల్లలు ఏటి వెంట నడిచిన గంటలు అందులో లేవు. పటం కంటెంట్ కాదట. తాళం తీయని బళ్ళ సరసనే ఈ బడి కూడా అట్టడుగున ఎర్ర రంగులో ఉంది. మండలం అవతలి కొసన ఉన్న మరో ఊరి బడి పేరు అన్నింటికంటే పైన ఆకుపచ్చగా మెరుస్తోంది. “వాళ్ళను చూసి నేర్చుకోండి” అన్నాడాయన.

వారం తిరక్కుండా ఆమెకు మెమో వచ్చింది. సాంకేతిక వనరులను తగినంతగా వినియోగించనందుకు సంజాయిషీ ఇవ్వాలట. మూడు నెలలు తెరకు దండేసి తాళం పెట్టినప్పుడు రాని మెమో, వాడటం మొదలుపెట్టాక వచ్చింది. నాకు ఇంకో పని అప్పగించారు. ఆ ఆకుపచ్చ బడి గురించి ‘ఆదర్శ విధానం’ అని రెండు పేజీల నివేదిక రాసి పంపాలి.

పోయాను. బడి వెనక గదిలో తెర గట్టిగా మోగుతోంది. లోపలికి తొంగి చూస్తే ఒక్క పిల్ల లేదు, ఒక్క పిల్లాడు లేడు. కిరణజన్య సంయోగక్రియ గురించి ఖాళీ బల్లలకు ఎంతో ఉత్సాహంగా చెబుతోంది తెర. పిల్లలంతా ముందు వరండాలో చాపల మీద కూర్చుని ఎక్కాలు వల్లిస్తున్నారు. అక్కడి హెడ్‌మాస్టరు దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

“ఏం జేయమంటావు మేడమ్? నిమిషాలు పడాల గదా. పొద్దన్నే వచ్చి ఆన్ జేస్తాము, సాయంత్రం ఆపేస్తాము. లోపల పిల్లోల్లని పెడితే ఆ శబ్దానికి పాఠం సాగదు.”

నిమిషాలు అడిగినవాళ్ళకు నిమిషాలే ఇస్తున్నాడు ఆయన. ఆవుకు గడ్డి వేయకుండా గంట మాత్రం మోగిస్తే, వినేవాళ్ళు ఆవు మేస్తోందనే అనుకుంటారు.

నేను చూసింది చూసినట్టు రాసి పంపాను. ఖాళీ బల్లలు, వరండా చాపలు, అన్నీ. గుమ్మఘట్ట వైపు బడిలో చూసింది కూడా రాశాను, తుడిచే గుడ్డతో సహా. ఆ నివేదికకు జవాబు రాలేదు. పది రోజుల తర్వాత, పాఠశాల విధుల దృష్ట్యా నన్ను శిక్షకురాలి బాధ్యతల నుంచి తప్పిస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. నా స్థానంలో ఆ ఇద్దరు కుర్ర ఉపాధ్యాయుల్లో ఒకర్ని వేశారు.

ఆమె మెమోకు జవాబు తనే రాసుకుంది. నాకు ఫోన్లో చదివి వినిపించింది. నాలుగే వాక్యాలు. తరగతిలో ఎంతమంది పిల్లలున్నారో, అందులో ఎంతమంది ఆ పాఠంలో లేచి వచ్చి పటం మీద తమ ఊరును చూపించారో రాసి, అందరూ వచ్చారనీ, ఇంతకంటే వినియోగం తనకు చేతకాదనీ ముగించింది. నేను నవ్వాను గానీ, ఆమె నవ్వలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో మొదటి మెమో అది. “మా ఆయనకి చెప్పలేదమ్మా, సిగ్గయితాండాది” అంది. నాలాంటిదానికి మెమోలు చిత్తుకాగితాలు. ఆమెకు కావు. ఆ రోజు ఆ అధికారి మీద పుట్టిన అసహ్యం నాలో ఇంకా అలాగే ఉంది, దాన్ని తగ్గించుకోవాలని నాకేమీ లేదు.

సంక్రాంతి సెలవులయ్యాక ఆకుపచ్చ బడి హెడ్‌మాస్టరు నాకు ఫోన్ చేశాడు. జిల్లా సమావేశంలో ఆదర్శ బడిగా తెర మీద పాఠం చేసి చూపించమన్నారట. ఆన్ చేయడం, ఆఫ్ చేయడం తప్ప ఏమీ రాదట. శబ్దం తగ్గించడం కూడా రాదట. రొంత నేర్పమని బతిమాలాడు. నేను ఇప్పుడు శిక్షకురాలిని కాదు, ఉత్తర్వు చూడండి అని పెట్టేశాను. చాలా హాయిగా అనిపించింది.

ఆ ఆదివారమే ఆయన మోటారు సైకిల్ మీద ఆమె ఇంటికి పోయాడట. ఆమె బడి తలుపు తీయించి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నేర్పి పంపించింది. తన రూళ్ళ పుస్తకం కూడా ఇచ్చింది, జిరాక్స్ చేయించుకోమని. తెలిసి నాకు ఒళ్ళు మండింది. ఫోన్ చేసి అడిగాను.

“అక్కా, ఆయన వల్లనే కదా నీకు మెమో వచ్చింది! ఏంటికి నేర్పితివి?”

“అంత దూరం నుంచి వచ్చినాడమ్మా. ఇంటికొచ్చి నేర్చుకుంటానంటే పొమ్మనేదెట్ల? నలబై మంది పిల్లోల్లుండారంట ఆడ. ఇంగ ఆ గదిలో ఊరికే మోగిచ్చేది మానేస్తానని నాకు మాటిచ్చినాడు.”

“మాట నిలబెట్టుకుంటాడా?”

“యేమో. నేనైతే చేత్తో ముట్టించినా.”

జిల్లా సమావేశానికి నన్నూ పిలిచారు, ప్రేక్షకురాలిగా. ఆ హెడ్‌మాస్టరు తెర దగ్గర నిలబడి, వేలితో ఉపగ్రహ పటం తెరిచి, తన ఊరిని చూపించి, ఊరి చెరువులోకి నీళ్ళు ఏ వంక నుంచి వస్తాయో చెప్పాడు. అచ్చం ఆమె పాఠమే, ఊరొక్కటే వేరు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పలేదు. వేదిక మీది అధికారి దీన్ని వినూత్న బోధన అన్నాడు, శాలువా కప్పాడు. హాలు మొత్తం చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చున్నామె కొట్టమని మోచేత్తో పొడిచింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అక్కకున్న మనసు నాకు లేదు, ఆ ఏడాది తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు.